నవాహో రగ్గుల కోసం గనాడో, చిన్లీ, టోడ్లీనా: ఎక్కడ కొనాలి, ఎక్కడ ఆగకూడదు

ముందే చెప్పేస్తున్నా, ఐ-40 హైవే మీద వెళ్తుంటే "నవాహో రగ్స్, 70 శాతం తగ్గింపు" అని పెద్ద పెద్ద బోర్డులు వరసగా వస్తాయి, వాటిని చూసి కారు ఆపకండి. మా మరిది ఆపించాడు. టాక్స్‌తో కలిపి 452 డాలర్ల 33 సెంట్లు పోయాయి, ఇంకా ఆ మంట తగ్గలేదు నాకు. డబ్బు ఒక్కటే కాదు, అసలైన రగ్గు నేసే మనుషులు, అంటే నవాహో అనే అమెరికా ఆదివాసీ తెగ వాళ్ళు, అక్కడికి గంట దూరంలో ఉండగా వాళ్ళ పేరు చెప్పి ఇంకేదో అంటగట్టారు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మేము అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాం. అమ్మ హనుమకొండ నుంచి వచ్చింది, వచ్చినోళ్ళందరికీ చూపించినట్టే గ్రాండ్ కేనియన్, వేగస్ చూపించాం, బాగుంది అంది అంతే. కానీ ఫీనిక్స్‌లో హర్డ్ మ్యూజియం తీసుకెళ్తే మాత్రం నవాహో దుప్పట్ల ముందు నుంచి కదల్లేదు. అమ్మ పుట్టిల్లు వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు నేసే వాడ (2018లో జీఐ ట్యాగ్ వచ్చింది కదా, అవే). చిన్నప్పటి నుంచి మగ్గాల మధ్య పెరిగిన మనిషి, అద్దం వెనకాల ఉన్న చీఫ్ బ్లాంకెట్‌ని చూస్తూ పేక (అడ్డ పోగు) ఇంత దగ్గరగా ఎట్లా కొట్టారే, పడుగు (నిలువు పోగు) ఎక్కడా కనిపించట్లేదు, ఇవి నేసినోళ్ళని చూపించు నాకు అని పట్టుబట్టింది. సరే అని మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌కి మేమిద్దరం, అమ్మ, మా మరిది బయల్దేరాం. పేసన్, హోల్‌బ్రూక్ మీదుగా వెళ్ళాం, రోడ్డు బాగుంది, చెప్పడానికేం లేదు.

ఇక ఆ షాపు. పేరు రాయను. లోపల ఏసీ చల్లగా, అడుగడుగునా రగ్గులు గుట్టలు, కౌంటర్ దగ్గర టర్కాయిస్ నగలు. నాలుగడుగులు బై ఆరడుగుల రగ్గు, 1,400 కొట్టేసి 425 అని రాశారు. "ఇది నవాహో వాళ్ళదేనా, చేత్తో నేసిందేనా" అని మా మరిది రెండుసార్లు అడిగాడు, కౌంటర్‌లో ఉన్నాయన రెండుసార్లూ అవును, ఇక్కడి వాళ్ళదే అన్నాడు. నేసినావిడ పేరేంటి అని నేనడిగితే మాత్రం ట్యాగ్ వైపు చూసి మాట మార్చాడు, ఆ ట్యాగ్ మీద "నవాహో డిజైన్" అని మాత్రమే ఉంది. అమ్మ మూల పట్టుకుని వేళ్ళతో నలిపి "ఇది మన దిక్కు పనిలాగుంది రా" అంది తెలుగులో. అప్పటికే కార్డు గీకేశాడు. కొత్తిల్లు కొన్నాడు, హాల్లో వెయ్యాలని సంబరం పాపం.

చాంబర్స్ దగ్గర హైవే దిగి 191 మీద ఉత్తరానికి నలభై మైళ్ళ లోపే గనాడో. అక్కడ హబెల్ ట్రేడింగ్ పోస్ట్. నేను చెప్పేది ఏంటంటే ఈ మొత్తం ట్రిప్‌లో ఒక్క చోటికే వెళ్ళే టైమ్ ఉంటే ఇక్కడికే వెళ్ళండి. ఎంట్రీ ఫ్రీ. 1878లో లోరెంజో హబెల్ అనే ఆయన కొన్నాడు, ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళ కింద ఉంది కానీ మ్యూజియం లాగా పడుకోబెట్టలేదు, వ్యాపారం ఇంకా నడుస్తూనే ఉంది. లోపలికి అడుగుపెడితే పాత చెక్క నేల కిర్రుకిర్రు మంటుంది, ఛాతీ ఎత్తు కౌంటర్లు, వెనకాల పిండి డబ్బాలు, కాఫీ, సబ్బులు. అప్పట్లో నవాహోలు ఉన్ని, గొర్రెలు, దుప్పట్లు తెచ్చిచ్చి ఇక్కడ పిండి, చక్కెర, కాఫీ పట్టుకెళ్ళేవాళ్ళు. కొంతమంది ట్రేడర్లు అయితే నేసిన రగ్గుని తూకం వేసి పౌండ్ల లెక్కన కొనేవాళ్ళంట, అది విని అమ్మకి ఎంత కోపమొచ్చిందో. నేతని తూకమేంది, పాత ఇనుమా అని.

పక్క గదే రగ్గుల గది. నేల మీద మోకాలెత్తు దొంతరలు, గోడల నిండా రగ్గుల బొమ్మలు ఫ్రేములు కట్టి. ఆ బొమ్మలకో కథ ఉంది. 1881లో పక్క రాష్ట్రం న్యూమెక్సికోలోని గాలప్‌కి రైలొచ్చింది, రైలుతో పాటు మిల్లు దుప్పట్లు వచ్చాయి, చవక. అప్పటిదాకా నవాహోలు నేసింది ఒంటి మీద కప్పుకోడానికి. యూట్ తెగ వాళ్ళు, మైదానాల తెగల వాళ్ళు కూడా వీళ్ళ దగ్గర కొనుక్కునేవాళ్ళు, చీఫ్ బ్లాంకెట్ అంటే నాయకుడిది అని కాదు, అంత ఖరీదు పెట్టగలిగినోళ్ళది అని. మొదటి రకంలో అడ్డచారలే ఉంటాయి, తర్వాత రకంలో ఎర్ర చిన్న దీర్ఘచతురస్రాలు వచ్చాయి, ఆ తర్వాత డైమండ్లు. 2012లో కాలిఫోర్నియా వేలంలో మొదటి రకం దుప్పటి ఒకటి 18 లక్షల డాలర్లకి పోయింది. అలాంటి దుప్పటికి మిల్లు సరుకు ముందు గిరాకీ పోయింది, అప్పుడు ట్రేడర్లు తూర్పు రాష్ట్రాల ఇళ్ళల్లో నేల మీద పరుచుకునేలా మందంగా, చుట్టూ బోర్డర్‌తో నెయ్యమన్నారు. దుప్పటి రగ్గయింది అట్లా. హబెల్‌కి పాత డిజైన్లంటే ఇష్టం, ఎరుపంటే మరీ ఇష్టం, తన దగ్గరికొచ్చే పెయింటర్లతో బాగున్న రగ్గుల బొమ్మలు గీయించి గోడకి పెట్టాడు, నేసేవాళ్ళు అవి చూసి కావలసిన మార్పులు చేసుకుని నేసేవాళ్ళు. ఎర్ర నేల మీద నలుపు, బూడిద, తెలుపు డైమండ్లు, దాన్నే ఇప్పటికీ గనాడో రెడ్ అంటారు.

అమ్మ ఎదురుచూసింది మాత్రం విజిటర్ సెంటర్లో దొరికింది. అరవై దాటిన ఆవిడ నిలువు మగ్గం ముందు కూర్చుని నేస్తోంది. ఫొటో తీసుకోవచ్చా అని అడగండి ముందు, అడక్కుండా ఫోన్ ఎత్తితే ఇక్కడ చాలామందికి నచ్చదు. మేమడిగాం, చేతులు తియ్యండి, మొహం వద్దు అంది. అమ్మ పక్కనే నేల మీద చతికిలబడింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, మధ్యలో నేను. తొక్కుడు పలకల్లేవు, నాడె లేదు. బద్దలాంటి కర్రని పడుగు మధ్యలో దూర్చి అడ్డంగా తిప్పితే సందు తెరుచుకుంటుంది, అందులోంచి పేక వేళ్ళతోనే ఒక్కో రంగు ఎంతవరకు కావాలో అంతవరకే లాగుతుంది, రంగు మారే చోట రెండు పోగులు ఒకదాన్నొకటి పట్టుకునేలా మెలేసి, తర్వాత చెక్క దువ్వెనతో టక్ టక్ మని కిందికి కొడుతుంది. కాగితం మీద డిజైన్ ఏదీ లేదు. నమూనా ఏదమ్మా అని అమ్మ అడిగితే ఆవిడ నవ్వి తల మీద వేలు పెట్టింది.

ఇంకో సంగతి, పడుగు ఒకటే పొడుగు పోగు, పైకీ కిందికీ తిప్పి ఎక్కిస్తారు, ఎక్కడా కొయ్యరు. అందుకే నేత పూర్తయ్యాక నాలుగు పక్కలా అంచు మూసుకునే ఉంటుంది, కుచ్చులుండవు. చివరి రెండు మూడు అంగుళాలు వచ్చేసరికి బద్ద దూరదు, సన్న పుల్లలు, ఆఖరికి పాత గొడుగు ఊచ, గోనె సూది పెట్టి ఒక్కో పోగూ దూరుస్తారంట. మూడడుగులు బై ఐదడుగులది తనకి రెండు నెలలు దాటింది, మధ్యలో మనవడి గ్రాడ్యుయేషన్ వచ్చింది అంది. దాని ట్యాగ్ మీద 2,350 డాలర్లు. మా ఆయన ఏదో తగ్గింపు అడగబోతుంటే అమ్మ మోచేత్తో ఒక్క పోటు పొడిచింది, నోరు మూసుకున్నాడు. మేము 18 బై 24 అంగుళాల చిన్నది, 410 డాలర్లకి తీసుకున్నాం. ట్యాగ్ మీద నేసినావిడ పేరు, ఊరు, రగ్గు పట్టుకుని ఆవిడ నిలబడ్డ ఫొటో కూడా ఇచ్చారు.

అమ్మకి ఇంకా ఆశ్చర్యం కలిగించింది ఎరుపు సంగతి. పాత కాలంలో నవాహోల దగ్గర మంచి ఎరుపు రంగు లేదు, స్పెయిన్ వాళ్ళ ద్వారా వచ్చిన బాయెటా అనే ఎర్ర ఉన్ని గుడ్డ కొని, దాన్ని పోగు పోగు విప్పి, ఆ దారాన్ని మళ్ళీ నేసేవాళ్ళు. ఆ గుడ్డకి అద్దిన రంగు కొన్నిట్లో కొచినీల్ పురుగుది, కొన్నిట్లో లక్క. అవును, మన లక్కే, లాడ్ బజార్ గాజుల లక్క. లక్క పురుగు పుట్టేది మన వైపు దేశాల్లో, అది యూరప్ పోయి, గుడ్డకెక్కి, ఓడెక్కి ఈ ఎడారిలో నవాహో మగ్గం మీదికి వచ్చింది. అమ్మ దారి పొడుగునా అదే మాట.

రాత్రికి చిన్లీలో బస. ఇక్కడ రెండో మంట. చైన్ మోటెల్, లాంగ్ వీకెండ్ రేటు గదికి 189, టాక్స్‌తో 213, రెండు గదులు. వేడి నీళ్ళు రావు. కిందికెళ్ళి చెప్తే ఒక్క పదినిమిషాలు ట్యాప్ వదిలేయండి అన్నారు, నీళ్ళే కరువైన చోట నలభై నిమిషాలు వదిలినా చల్లగానే వచ్చింది, మళ్ళీ వెళ్తే మేనేజర్ పొద్దున వస్తాడు అని కంప్యూటర్లోంచి తలెత్తకుండా సమాధానం. పొద్దున మేనేజర్ వచ్చి ఇచ్చింది రాత్రికి 15 డాలర్ల డిస్కౌంట్. బ్రేక్‌ఫాస్ట్ ఇంక్లూడెడ్ అన్నది కవర్లో రెండు మఫిన్లు, ఒక ఆపిల్. మోకాళ్ళ నొప్పులున్న మనిషి చన్నీళ్ళతో స్నానం చేసి బయల్దేరింది. రెండో రోజు థండర్‌బర్డ్ లాడ్జికి మారిపోయాం, 1902లో కట్టిన ట్రేడింగ్ పోస్ట్ చుట్టూ పెరిగిన లాడ్జి అది, నవాహో నేషన్ (నవాహోల స్వపరిపాలన ప్రాంతం) వాళ్ళదే, గదులు పాతవే గానీ శుభ్రం, వేడినీళ్ళు పుష్కలం, 20 డాలర్లు తక్కువ కూడా. ముందే అక్కడ బుక్ చేసుకోండి, సీజన్లో త్వరగా నిండిపోతుంది.

ఆ మోటెల్ గదిలోనే మా మరిది తన రగ్గు మంచం మీద పరిచాడు. పొద్దున హబెల్‌లో చూసిన కళ్ళతో చూస్తే అన్నీ కనపడ్డాయి. రెండు కొసలా కుచ్చులు, ముడులేసి ఉన్నాయి. అమ్మ ఒక కుచ్చులోంచి పోగు లాగి పురి విప్పి చూసి "నూలు పడుగు" అంది. నవాహో రగ్గుకి పడుగు మామూలుగా ఉన్నిదే ఉంటుంది, గాలప్ త్రో అని చిన్న చవక రకం ఒకటుంది దానికి మాత్రం నూలు పడుగు, ఒక కొసకి కుచ్చులు ఉంటాయి, అది అసలైనదే, కంగారు పడకండి. కానీ ఇది ఆరడుగులది. పక్క అంచుల్లో నవాహో పనికి ఉండే మెలితిప్పిన తాడు పోగులు లేవు. ఆఖర్న వెనకవైపు మూల మీద "హ్యాండ్ వోవెన్" అని అతికించిన తోలు ముక్క ఉంది, అమ్మ గోరుతో గీరి ఎత్తింది. కింద కుట్టిన చిన్న గుడ్డ లేబుల్, మేడ్ ఇన్ ఇండియా.

ఎవ్వరం మాట్లాడలేదు కాసేపు. తర్వాత అమ్మే అంది, నేసినోళ్ళ తప్పేం లేదు, వాళ్ళకి గజానికి ఎంతిచ్చారో ఏమో, పని మంచిగనే ఉంది, నమూనా ఇక్కడి ఆడోళ్ళది, కష్టం మనోళ్ళది, పైసలు మాత్రం ఆ కౌంటర్లో ఉన్నోడివి అని. మా మరిది ఆ రాత్రి తినలేదు, మర్నాడు మధ్యాహ్నం దాకా వెనక సీట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు.

షాపుకి ఫోన్ చేస్తే ఆల్ సేల్స్ ఫైనల్ అని పెట్టేశారు. ఇలాంటి దానికి చట్టం ఉంది, 1990 ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ యాక్ట్, అమెరికన్ ఇండియన్లు (అంటే ఇక్కడి ఆదివాసీలు) చెయ్యనిదాన్ని వాళ్ళు చేసింది అని చూపించి అమ్మితే నేరం, మొదటిసారి దొరికితేనే మనిషికి రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు. ఇంటీరియర్ డిపార్ట్‌మెంట్ కింద ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ బోర్డ్ ఉంది, వాళ్ళకి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. బిల్లు, ట్యాగ్, లేబుల్ ఫొటోలతో పెట్టాం, కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ కూడా వేశాం. కొనేటప్పుడు బిల్లు మీద నేసినవాళ్ళ పేరు, తెగ పేరు రాయించుకోండి, రాయనన్నారంటే అక్కడే తెలిసిపోతుంది. మెక్సికోలో వహాకా దగ్గర జాపొటెక్ నేతగాళ్ళు కూడా చాలా కాలంగా ఈ డిజైన్లు నేస్తున్నారు, వాళ్ళవి వాళ్ళ పేరుతో కొంటే మంచి రగ్గులే, కొసల్లో కోసిన పడుగు, అంచున లావు పోగులు చూస్తే తెలుస్తుంది.

ఇక చిన్లీ పక్కనే ఉన్న లోయ, కేనియన్ డి షే గురించి. కిందికి దిగాలంటే నవాహో గైడ్ ఉండాల్సిందే, జీప్ టూర్ మూడు గంటలు మనిషికి 95 తీసుకున్నారు, ప్రతి డాలరుకీ న్యాయం చేశాడు ఆ గైడ్. 1864లో అమెరికా సైనికాధికారి కిట్ కార్సన్ సైన్యం ఈ లోయలోకి వచ్చి గొర్రెల్ని చంపి, పంటలు కాల్చి, వేల పీచ్ చెట్లు నరికేసింది, జనాన్ని మూడొందల మైళ్ళకి పైగా నడిపించి బోస్క్ రెడోండో అనే నిర్బంధ శిబిరానికి తోలారు, 1868 ఒప్పందం తర్వాత గానీ తిరిగి రానివ్వలేదు. గొర్రెల్లేని ఆ నాలుగేళ్ళు ప్రభుత్వం ఇచ్చిన దుప్పట్లు, మిల్లు దారాలే గతి. గైడ్ తన ముత్తవ్వ వాళ్ళమ్మ నడిచిన కథ చెప్తుంటే మా మరిది హెడ్‌ఫోన్స్ తీసేశాడు. గొర్రెల మీద రెండో దెబ్బ 1930లలో, నేల కోత అని చెప్పి ఆదివాసీ వ్యవహారాలు చూసే అప్పటి కమిషనర్ జాన్ కొలియర్ హయాంలో మందలకి మందలు తగ్గించేశారు, చాలా చోట్ల అక్కడికక్కడే కాల్చి పారేశారు. స్పెయిన్ వాళ్ళు తెచ్చిన చుర్రో జాతి గొర్రె, పొడుగు బొచ్చు, జిడ్డు తక్కువ, నీళ్ళు పెద్దగా పొయ్యకుండానే ఉన్ని శుభ్రపడుతుంది, ఈ ఎడారికి అంతకంటే ఏం కావాలి, అది 1970లకి ఐదు వందల లోపుకి పడిపోయింది. 1977 నుంచి లైల్ మెక్‌నీల్ అనే ప్రొఫెసర్ వెతికి వెతికి మళ్ళీ పెంచారు. లోయలో ఒకచోట జీప్ ఆపి చూపించాడు, నాలుగు కొమ్ముల పొట్టేలు!

స్పైడర్ రాక్ పైనుంచి చూడ్డానికి సౌత్ రిమ్ రోడ్డు చాలు, డబ్బులు అక్కర్లేదు. 750 అడుగుల పైన ఎత్తున్న జంట రాతి స్తంభం, నవాహోలకి నేత నేర్పిన స్పైడర్ ఉమన్ ఉండేది దాని మీదే. చరిత్రకారులైతే ప్యూబ్లో తెగ వాళ్ళ దగ్గర నేర్చుకున్నారు అంటారు, ప్యూబ్లోల్లో నేసేది మగవాళ్ళు, నవాహోల్లో ఆడవాళ్ళ చేతికి వచ్చింది. గైడ్‌ని ఏది నిజం అని మా ఆయన అడిగాడు, అట్లాంటివి అడక్కండి ప్లీజ్, ఆయన మర్యాదగా ఊరుకున్నాడు గానీ నాకు ఇబ్బందిగా అనిపించింది.

టైమ్ విషయం జాగ్రత్త. అరిజోనా డేలైట్ సేవింగ్ పాటించదు, నవాహో నేషన్ పాటిస్తుంది, మధ్యలో ఉన్న హోపీ తెగ వాళ్ళు పాటించరు. ఎండాకాలంలో ఫీనిక్స్ కంటే ఇక్కడ గంట ముందు. ఫోన్ టైమ్ టవర్‌ని బట్టి అటూ ఇటూ మారిపోతుంది, టూర్ బుక్ చేసేటప్పుడే నవాహో టైమా అని అడగండి. మందు అమ్మరు, తీసుకెళ్ళకూడదు కూడా.

తిండి గురించి భయపడ్డాం, అక్కర్లేదు. రోడ్డు పక్క టెంట్‌లో మటన్ స్ట్యూ, ఫ్రై బ్రెడ్ 13 డాలర్లు, ఇద్దరికి సరిపోతుంది, కారం ఉండదు, పచ్చిమిర్చి విడిగా అడిగి తీసుకోండి. అమ్మకి నచ్చింది బ్లూ కార్న్ మష్, నీలి మొక్కజొన్న పిండిలో జూనిపర్ బూడిద కొంచెం కలిపి కాస్తారు, అచ్చం జొన్న అంబలిలాగా గొంతులోకి జారిపోతుంది, కప్పు 4 డాలర్లు, రెండు తాగింది. శనివారం గాలప్‌లో ఫ్లీ మార్కెట్ ఉంటుంది, తిండికి, చిన్న చిన్న నేత ముక్కలకి అదే మంచి చోటు, నేసినోళ్ళే ఎదురుగా కూర్చుని అమ్ముతారు.

గాలప్ నుంచి 491 మీద ఉత్తరానికి న్యూకోంబ్, అక్కడ ఎడమకి కొండల వైపు తిరిగితే టోడ్లీనా. 1909 నాటి ట్రేడింగ్ పోస్ట్, టూ గ్రే హిల్స్ రగ్గులకి పుట్టిల్లు. వెళ్ళే ముందు ఫోన్ చేసి తెరిచారో లేదో కనుక్కోండి. గనాడో ఎరుపు చూసి వెళ్ళిన కళ్ళకి ఇక్కడ రంగే లేదనిపిస్తుంది మొదట. తెలుపు, నలుపు, గోధుమ, బూడిద అంతే, అవీ అద్దినవి కావు, గొర్రె ఒంటి మీది రంగులే. తెల్ల ఉన్ని, నల్ల ఉన్ని కలిపి ఏకితే బూడిద రంగు, పాళ్ళు మారిస్తే ఇంకో బూడిద, అట్లా ఒక్క రగ్గులో ఐదారు ఛాయలు లెక్కపెట్టింది అమ్మ. దారం సన్నంగా వడికి అంగుళానికి 80 పేకలు దాటితే దాన్ని రగ్గు అనరు, టాపెస్ట్రీ అంటారు. డైసీ టాగెల్చీ అనే ఆవిడ ఈ ఊరి నేతని ఎంత పైకి తీసుకెళ్ళిందంటే 2004లో ఆవిడ నేసినదాన్ని అమెరికా పోస్టల్ స్టాంపు మీద వేశారు. చేతి రుమాలంత ముక్కకి 1,900 డాలర్లు చెప్పారు, భూతద్దం ఇచ్చి చూడమన్నారు, అమ్మ భూతద్దం పెట్టి చూసి, తీసి, మళ్ళీ పెట్టి, "తక్కువే చెప్పిండ్రు" అంది.

ఇక లెక్క. బసలు, పెట్రోలు, జీపు, తిండి కలిపి మా నలుగురికి 1,640 అయ్యింది, హబెల్ రగ్గు 410 వేరే, ఆ 452 వేరే. రగ్గు కొనే ఉద్దేశం ఉంటే నెలకోసారి క్రౌన్‌పాయింట్‌లో 1968లో మొదలైన వేలం ఉంది, నేసినవాళ్ళకే డబ్బు వెళ్తుంది, తేదీ చూసుకుని దాని చుట్టూ ట్రిప్ పెట్టుకుంటే ఇంకా మంచిది, మాకు కుదర్లేదు. పెద్దవాళ్ళతో అయితే గనాడో, చిన్లీ చాలు, టోడ్లీనా రోడ్డు పొడుగు, దారిలో బాత్రూమ్‌లు తక్కువ. ఇవన్నీ ఆరు వేల అడుగుల చుట్టుపక్కల ఊళ్ళు, మే నెలలో కూడా రాత్రి స్వెటర్ కావాలి. చిన్లీలో పెట్రోలు నింపుకోండి, తర్వాత బంకు ఎక్కడొస్తుందో చెప్పలేం.

బ్యాంకు వాళ్ళు 452 తాత్కాలికంగా వెనక్కి వేశారు, షాపు వాళ్ళ జవాబు కోసం చూస్తున్నారంట. బోర్డ్ నుంచి ఫిర్యాదు అందింది అని మెయిల్ వచ్చింది. మీలో ఎవరైనా ఆ హైవే మీద ఇలాగే కొని లేబుల్ కింద ఇంకో లేబుల్ చూసుంటే మీరు కూడా పెట్టండి, ఒక్కరు పెడితే పక్కన పడేస్తారేమో గానీ పది మంది పెడితే కదులుతారు.